నా చేతి మీద రాసిన సమయం

మా ఇంట్లో అంబులెన్స్ మోత వినిపిస్తే అమ్మ చేస్తున్న పని ఆపి గోడ గడియారం వైపు చూస్తుంది. నాన్న పాశమైలారంలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో పని చేస్తారు. మోత ఏ వేళకు వచ్చింది, ఆ వేళకు నాన్న ఏ షిఫ్టులో ఉన్నారు అన్నది ఆ ఒక్క చూపులో తేలిపోతుంది. నాన్న ఇంట్లోనే ఉంటే చపాతీ కర్ర మళ్లీ కదులుతుంది. లేకపోతే మోత దూరమయ్యేదాకా కర్ర అక్కడే ఆగి ఉంటుంది.

చిన్నప్పటి నుంచి ఇది చూస్తూ పెరిగాను కానీ, ఆ బండి లోపల కూర్చున్న మనిషి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. అతనికి ఏం తెలుసు, ఎవరు నేర్పారు, నేర్పింది సరైనదేనని ఎవరు చూశారు? డిగ్రీ అయ్యాక పటాన్‌చెరులో ఒక శిక్షణ కేంద్రంలో ఆఫీసు పనికి చేరేదాకా ఇలాంటి ప్రశ్నలు ఉంటాయని కూడా నాకు తెలియదు.

కేంద్రం అంటే ఒక హార్డ్‌వేర్ దుకాణం పైన రెండు గదులు. కింద లారీలోంచి ఇనుప చువ్వలు దించుతుంటే పైన మా కుర్చీలు వణుకుతాయి. నడిపేది ఒక రిటైర్డ్ నర్సు. పెళ్లయి కోస్తా నుంచి ఇక్కడికి వచ్చి, భర్త పని చేసే ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీ ఆసుపత్రిలోనే ఉద్యోగం చేసి, ఇన్నేళ్లయినా తన ఊరి మాట మార్చుకోని మనిషి. అందరం ఆమెను మేడం అంటాం. అంబులెన్సుల్లో పని చేసే టెక్నీషియన్లకు, ఫ్యాక్టరీల్లో ప్రథమ చికిత్స చేసేవాళ్లకు క్లాసులు చెబుతుంది. నా పని టైపు చేయడం, ఫైళ్లు సర్దడం, హాజరు షీటు చూసుకోవడం. తలుపు పక్కన నా బల్ల. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడక్కర్లేని చోటు. బల్ల సొరుగులో గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకం ఒకటి, హాజరు షీటు కింద నా డైరీ ఒకటి ఎప్పుడూ ఉండేవి. మాట్లాడనివాళ్లకు చూడటం అలవాటవుతుంది. చూసింది రాసుకోకపోతే నాకు తోచదు.

ఒక మధ్యాహ్నం ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. నలభై దాటిన మనిషి, నీలం యూనిఫాం, మోచేతుల దాకా మడిచిన చొక్కా. చేతిలో లామినేషన్ చేసిన సర్టిఫికెట్ ఉంది, చుట్టూ బంగారు రంగు అంచుతో. ఆ ఎండకు దానితోనే విసురుకుంటున్నాడు.

"మేడం ఉన్నదా, చెల్లె?"

తల ఊపాను.

"ఉన్నదని ఊపినవా, లేదని ఊపినవా?"

లోపలి గది వైపు చెయ్యి చూపించాను. ఆయన నవ్వాడు. "నీ అసొంటోళ్లు పేషెంట్ అయితే మాకు మస్తు పరేషాన్. నొప్పి ఏడున్నదమ్మా అంటే గిట్లనే చెయ్యి సూపిస్తరు."

రెండు గదుల మధ్య తలుపు ఎప్పుడూ మూసి ఉండదు కాబట్టి మిగతాదంతా విన్నాను. ఆయనది కర్దనూర్ దగ్గర ఊరు. పద్దెనిమిదేళ్లుగా ఒక ఫ్యాక్టరీ అంబులెన్స్‌లో టెక్నీషియన్. వాళ్లకు ఒక రిజిస్ట్రేషన్ కార్డు ఉంటుంది. కొన్నేళ్లకొకసారి దాన్ని రెన్యువల్ చేయించుకోవాలి. అందుకు ఈ మధ్యకాలంలో ఇన్ని గంటలు కొత్తగా నేర్చుకున్నానని చూపించాలి. ఆయన నేర్చుకున్నాడు, లేదా నేర్చుకున్నానని అనుకున్నాడు. ఒక హోటల్ హాల్లో రెండు రోజుల కోర్సుకు వెళ్లి ఆ బంగారు అంచు కాగితం తెచ్చుకున్నాడు. రెన్యువల్‌కు పంపిస్తే తిరిగి వచ్చింది.

"దానికి అక్రిడిటేషన్ లేదంట మేడం. గదేందో నాకు తెల్వది. రెండ్రోజులు కూసున్న, బిర్యానీ పెట్టిన్రు, ఫోటో దిగినం. ఇప్పుడు ఆ గంటలు చెల్లయంటున్నరు. నెలాఖరుకు కార్డు అయిపోతది. గంటలు సూపియ్యకపోతే బండి దింపి గేటు కాడ కూసోవెడ్తరంట, వచ్చిపోయే లారీల నంబర్లు రాసుకోనీకె."

"గేటు దగ్గర ఉద్యోగం మాత్రం తక్కువా ఏంటయ్యా?" అంది మేడం, ఆయన మనసు తేలిక చేయడానికి.

"తక్కువని కాదు మేడం." విసురుకోవడం ఆపాడు. "పద్దెనిమిదేండ్ల నుంచి సైరన్ బండి లోపల్నుంచే విన్న. ఇగ గేటు కాడ నిలవడి బయట్నుంచి వినాల్నా?"

నేను టైపు చేయడం ఆపేశాను. నాకు అమ్మ చపాతీ కర్ర గుర్తొచ్చింది.

మేడం నిజం చెప్పింది. మా కోర్సుకూ ఇంకా ఆ గుర్తింపు, అంటే అక్రిడిటేషన్, లేదని, దరఖాస్తు పెట్టే పనిలోనే ఉన్నామని. కాగితాలు ఒప్పుకుంటే, క్లాసు జరుగుతుండగా ఒక పరిశీలకుడు వచ్చి చూస్తాడు. ఆయన సరే అంటే ఆ క్లాసు నుంచే గంటలు చెల్లుతాయి. కాదంటే మళ్లీ మొదటి నుంచి.

"అయితే నన్ను గా క్లాసుల రాసుకోన్రి," అన్నాడాయన. పోతూ పోతూ నా బల్ల దగ్గర ఆగి సర్టిఫికెట్ ఊపి చూపించాడు. "గాలికైతే మంచిగ పనికొస్తది, చెల్లె."

ఆ సాయంత్రమే మేడం నాకు గుర్తింపు ఇచ్చే సంస్థ వాళ్ల లావుపాటి మార్గదర్శిని ప్రింటు తీసి ఇచ్చింది. "నువ్వు పుస్తకాలు చదువుతావు కదా. ఇది చదివి, వాళ్లకేం కావాలో నాకు తెలుగులో చెప్పు. నా కళ్లజోడుకి ఇన్ని రూల్సు కనబడవు."

అక్రిడిటేషన్ అంటే ఒక స్టాంపు అనుకున్నాను. డబ్బు కడితే, వరుసలో నిలబడితే వేసే స్టాంపు. ఆఫీసుల గురించి నాకు తెలిసింది అంతే. బస్సులో మొదటి పేజీ తెరిచాను. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

వాళ్లు అడిగింది కోర్సు పేరు కాదు. ఈ కోర్సు ఎందుకు? మీ చుట్టుపక్కల పని చేసేవాళ్లకు ఏది చేతకావడం లేదు, అది చేతకావడం లేదని మీకు ఎలా తెలిసింది? ప్రతి గంటకూ ఒక ప్రశ్న: ఈ గంట అయ్యాక వచ్చినవాళ్లు ఏం చేయగలుగుతారు? "తెలుసుకుంటారు" అని రాయకూడదు. "అర్థం చేసుకుంటారు" అని కూడా రాయకూడదు. చేతులతో చేసేది రాయాలి, చేశారో లేదో మీరు ఎలా చూస్తారో పక్కన రాయాలి. పాఠానికి ఆధారం ఏది? అది ఎప్పటిది? ఆ తర్వాత వైద్యం మారిందేమో చూశారా? ఈ పాఠాన్ని చెప్పేవారు కాకుండా ఇంకొక డాక్టరు చదివారా? చెప్పేవారికి పరికరాలు అమ్మే కంపెనీతో సంబంధం ఏమైనా ఉందా?

ఆ చివరి ప్రశ్న చదివి వినిపిస్తే మేడం గట్టిగా నవ్వింది. "నేనేం అమ్ముతానమ్మా, ఆవకాయా? రాయి, ఏమీ లేదని రాయి." తర్వాత నవ్వు ఆపి, "కానీ అడగడం మంచిదే. మా ఆసుపత్రికి అప్పట్లో ఒకాయన వచ్చి పాఠం చెప్పి, చివర్లో తన సంచీలోంచి సామాను తీసి పరిచేవాడు," అంది.

నేను ఆ ప్రింటును నవలలా చదివాను. ప్రతి ప్రశ్న వెనకా ఎక్కడో, ఎప్పుడో, ముక్కూ మొహం తెలియని ఒక మనిషికి జరిగిన నష్టం ఉండి ఉంటుందనిపించింది. ఎవరో పాత పాఠం చెప్పి ఉంటారు. ఎవరో సగం క్లాసు విని వెళ్లిపోయి ఉంటారు. దాని ఫలితం ఎక్కడో రోడ్డు మీద ఇంకెవరో అనుభవించి ఉంటారు. అప్పుడు ఒక గదిలో కొందరు కూర్చుని ఒక ప్రశ్న కలిపి ఉంటారు. మనిషి మీద ఇంత అపనమ్మకం, ఇంత ప్రేమ ఒకే పేజీలో నేను అంతకుముందు చదవలేదు. డైరీలో ఆ వాక్యం రాసుకుని, మరీ ఎక్కువైందేమో అని కొట్టేశాను. మర్నాడు మళ్లీ రాసుకున్నాను.

ఒక ప్రశ్నకు జవాబు మాత్రం ఏమీ ఆలోచించకుండా టైపు చేశాను. వచ్చినవారు మొత్తం సమయం క్లాసులో ఉన్నారని ఎలా రుజువు చేస్తారు? "హాజరు షీటులో వచ్చినప్పుడు ఒకసారి, వెళ్లేటప్పుడు ఒకసారి సమయం రాసి సంతకం చేస్తారు." టైపు చేసేటప్పుడు అది నిజమే అనుకున్నాను.

మా కాగితాలు ఒప్పుకున్నారు. క్లాసు మూడు రోజులు. పన్నెండు మంది వచ్చారు, అందరూ చుట్టుపక్కల ఫ్యాక్టరీల అంబులెన్సుల వాళ్లే. బంగారు అంచు సర్టిఫికెట్ ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. అప్పటికి ఆయన్ని మనసులో అన్న అనుకోవడం మొదలైంది.

మొదటి రోజు పొద్దున్న అందరూ నా బల్ల దగ్గర వరుసగా నిలబడి షీటులో సంతకం పెట్టారు. వచ్చిన సమయం తొమ్మిది, సంతకం. పక్కనే వెళ్లిన సమయం అయిదు, సంతకం. రెండూ ఒకేసారి. ఒకరు పెట్టారని ఇంకొకరు కాదు, పన్నెండు మందీ అలాగే.

ఇక్కడ అది మోసమని ఎవరూ అనుకోరు. ఫ్యాక్టరీల్లో ఏ సేఫ్టీ క్లాసైనా అంతే. సాయంత్రం అయిదు కాగానే కంపెనీ బస్సు హారన్ కొడుతుంది. అది పోతే మళ్లీ షేర్ ఆటోలే. అప్పుడు సంతకానికి వరుసలో నిలబడే తీరిక ఎవరికి ఉంటుంది? అందుకని పొద్దున్నే రెండూ పెట్టేయమని సూపర్‌వైజర్లే చెబుతారు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చినంత మామూలుగా వాళ్లు ఆ రెండో సంతకం పెట్టేస్తారు. నాన్న కూడా అలాగే పెడతారు. ఒకసారి ఇంట్లో చెప్పి నవ్వారు కూడా.

వెళ్లేటప్పుడు పెట్టండి అని ఒక్క మాట అంటే చాలు. అంటే పన్నెండు మంది తలెత్తి నా వైపు చూస్తారు. నేను అనలేదు. షీటు కింద డైరీ తీసి, ఎవరు నిజంగా ఎప్పుడు వెళ్లారో మాత్రం రాసుకున్నాను. ఎందుకు రాశానంటే చెప్పలేను. ఆ జవాబు నేనే టైపు చేశాను కదా, కనీసం ఒక కాగితం మీదైనా అది నిజం కావాలనుకున్నానేమో.

ఆ మధ్యాహ్నం రక్తస్రావం ఆపే పాఠం. మేడం ఇంకా మొదలుపెట్టలేదు, అన్న ఫోను మోగింది. విని లేచాడు. "మేడం, ప్లాంట్ల ఒకాయన చెయ్యి మిషన్ల పడ్డది. ఇంకో టెక్నీషియన్ లీవుల ఉన్నడు. పోవాలె." మెట్లు రెండేసి దిగడం వినిపించింది. మళ్లీ ఆ రోజు రాలేదు. నేను డైరీలో రాశాను: "మూడున్నరకు ఫోను. కిటికీ పక్కన అన్న వెళ్లారు. తిరిగి రాలేదు."

రెండో రోజు అందరికంటే ముందే వచ్చాడు. ఆ మనిషి ఎలా ఉన్నాడని తోటివాళ్లు అడిగితే, "బతికిండు, గని తెల్లగ అయిపోయిండు. ఆస్పత్రిలనే ఉన్నడు," అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

మూడో రోజు పరిశీలకుడు వచ్చాడు. కారు వస్తుందని మేడం దుకాణం వాళ్లను బతిమాలి మెట్ల ముందు చువ్వలు పక్కకు జరిపించింది. ఆయన బస్సు దిగి నడిచి వచ్చాడు. భుజానికి సంచీ, అందులో టిఫిన్ డబ్బా. మేడం పూలగుత్తి ఇవ్వబోతే, "అవి పాఠం అయ్యాక చూద్దామండీ," అని వెనక వరుసలో పన్నెండు మందితో పాటు కూర్చున్నాడు. రెండు గంటలు కూర్చున్నాడు. మేడం చెబుతున్న పాఠం కంటే వింటున్నవాళ్ల చేతులు ఎక్కువ చూశాడు. ఆగిన గుండెను ఆడించడం నేర్పే రబ్బరు బొమ్మ ఛాతీ మీద ఒక్కొక్కరు నొక్కుతుంటే ఆయన పెదవులు కదిలాయి. ఆయన కూడా లెక్కపెడుతున్నాడు.

తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి హాజరు షీటు అడిగాడు. చూశాడు. గోడ గడియారం చూశాడు. మళ్లీ షీటు చూశాడు.

"ఇప్పుడు పదకొండున్నర. వీళ్లంతా సాయంత్రం అయిదింటికి వెళ్లిపోయారా?"

ముందు వరుసలో ఒకాయన, "మేం జెర జల్దీ పని చేస్తం సార్," అన్నాడు. నలుగురు నవ్వారు.

పరిశీలకుడు నవ్వలేదు, కోపంగానూ లేడు. "పట్టీ కట్టిన సమయం కూడా ఇలాగే ముందే రాసేస్తారా?"

రెండు రోజుల కింద వాళ్లు నేర్చుకున్నారు. చేతికో కాలికో ఆగకుండా రక్తం పోతుంటే పైన బిగించి కట్టే పట్టీ ఒకటుంటుంది. టార్నికెట్ అంటారు. కట్టిన నిమిషం రాయాలి. ఆసుపత్రిలో డాక్టరు ఆ సమయాన్ని చూసే, ఆ చెయ్యికి రక్తం ఆగి ఎంతసేపైందో తెలుసుకుంటాడు. పదకొండు మంది తలలు దించుకున్నారు. అన్న ఒక్కడే ఇంకా నవ్వుతున్నాడు. ఆ మాట అందనిది ఆ గదిలో ఆయనొక్కడికే. అది నేను చూశాను. పరిశీలకుడు కూడా చూశాడు.

"ఈ షీటు ఎవరు చూసుకుంటారు?"

నేను లేచి నిలబడ్డాను. మేడం ముఖం పాలిపోయింది.

"మొదటి రెండు రోజులూ ఇంతేనా?"

ఏదో అన్నాను. నాకే వినబడలేదు.

"గట్టిగా చెప్పమ్మా."

"ఇంతే సార్. పొద్దుగాలనే రెండు సంతకాలు పెడ్తరు. మొదటి రోజు నుంచి. నేను వద్దనలే."

"మరి ఎవరు ఎంతసేపు ఉన్నారో మీకెలా తెలుసు?"

నాకు తెలుసు. అదే భయం. డైరీ తీశాను. అప్పటిదాకా ఆ డైరీని అమ్మ కూడా చూడలేదు. సమయాలు రాసిన పేజీ తెరిచి, కింది సగం మీద చెయ్యి పెట్టి చూపించాను. కింద నా గురించి నేను రాసుకున్న మాటలు ఉన్నాయి. ఆయన వేలు ఒక్కొక్క వరుసా దిగుతూ వచ్చింది. వచ్చి నా చేతి దగ్గర ఆగింది. అప్పుడు చూసుకున్నాను. నా చూపుడువేలు కింద ఉన్నది అన్న గురించి రాసిన వరుస. "మూడున్నరకు ఫోను."

పదకొండు వరుసలు కనిపిస్తున్నాయి. పన్నెండోది నా వేలు కింద ఉంది. ఆయన నన్ను వేలు తీయమని అనలేదు. ఎదురుచూశాడు. నేను కిటికీ వైపు చూశాను. అన్న నన్నే చూస్తున్నాడు. నెలాఖరు ఇంకా ఎనిమిది రోజులు. బండి, గేటు, సైరన్ అన్నీ నా వేలు కిందే ఉన్నట్టనిపించింది.

వేలు తీశాను.

"గింత పని చేస్తివా, చెల్లె," అన్నాడు అన్న, మెల్లగా.

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. "సార్, ఆయన ఊకెనే పోలే సార్. రక్తం ఆపే క్లాసు ఇడిచి రక్తం ఆపనీకెనే పోయిండు." "అసలు పరీక్ష గదే గద సార్." "గది గంటల్ల రాసుకోన్రి, ఏమైతది?"

పరిశీలకుడు అందరి మాటలూ చివరిదాకా వినిపించుకున్నాడు. "వెళ్లడం తప్పని నేననడం లేదు. వెళ్లకపోతే తప్పయ్యేది. కానీ అది ఆయన పని చేసిన గంట. నేర్చుకున్న గంట కాదు. ఈ రెండూ ఒకటే అనుకుంటే మనం ఇక్కడ ఎందుకు కూర్చున్నట్టు?" మేడం వైపు తిరిగాడు. "ఆ గంటన్నర పాఠం ఈయనకు మళ్లీ చెప్పండి. మొత్తం. పరీక్షతో సహా. ఇవాళ అయిదు తర్వాత చెబుతానంటే నేనుంటాను." తర్వాత నా వైపు. "మీ డైరీని రికార్డుగా తీసుకోలేను. కానీ ఈ కేంద్రంలో ఒకరు చూస్తున్నారని రాసుకుంటాను. షీటు కొత్తది తీయండి. జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసి జత చేయండి."

సాయంత్రం అయిదైంది. కింద బస్సు హారన్ కొట్టింది. పదకొండు మంది నా బల్ల ముందు వరుసగా నిలబడి, ఒక్కొక్కరూ గోడ గడియారం చూసి సమయం రాశారు. అయిదు. అయిదూ ఒకటి. అయిదూ రెండు. హారన్ మళ్లీ కొట్టింది. "కొట్టనియ్యి," అన్నాడు పొద్దున జల్దీ అన్నాయన. ఎవరూ వరుస తప్పలేదు. వేరువేరు నిమిషాలతో నిండిన ఆ గళ్లు ఎంత అందంగా ఉన్నాయో ఎవరికైనా చెబితే నవ్వుతారు.

గదిలో నలుగురం మిగిలాం. మేడం పాఠం మొదటి నుంచి మొదలుపెట్టింది. ఒక్కడే ఉన్నాడు కదా అని ఒక్క చిత్రం కూడా వదల్లేదు. అన్న చేతులు కట్టుకుని విన్నాడు. పద్దెనిమిదేళ్ల మనిషికి ఇందులో కొత్తేముంటుందన్నట్టు కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

పరీక్ష దగ్గర చిక్కు వచ్చింది. మా బొమ్మకు తల, ఛాతీ తప్ప చేతులు లేవు. మొదటి రోజు ఒకరి చేతుల మీద ఒకరు సాధన చేశారు. ఇప్పుడు ఎవరూ లేరు. మేడం నన్ను చూసింది.

"పడుకో అమ్మాయ్. నువ్వే పేషెంటువి."

చాప మీద పడుకున్నాను. పైకప్పు అంత దూరంగా ఎప్పుడూ కనబడలేదు. అన్న గ్లౌజులు వేసుకుని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. అప్పుడు ఆయన గొంతు మారిపోయింది. వేళాకోళం లేదు, కోపం లేదు.

"చెల్లె, నేను అంబులెన్స్ నుంచి వచ్చిన. నీకు సాయం చేస్త. చెయ్యి వట్టుకోవాల్నా?"

పాఠంలో అడగమని ఉంది కాబట్టి అడిగాడు. కానీ నా జీవితంలో అంత శ్రద్ధగా నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. "పట్టుకో అన్న," అన్నాను. ఆ మాట గట్టిగానే వచ్చింది.

గుడ్డ మడిచి ముంజేతి మీద అదిమాడు. ఆ బలం చూసి ఆశ్చర్యపోయాను. నొప్పి లేదు, వదలదు కూడా.

"ఆగలేదు బాబూ," అంది మేడం. "రక్తం ఇంకా కారుతోంది."

ఇంకో గుడ్డ పెట్టి ఇంకా అదిమాడు.

"ఇంకా కారుతోంది."

అదుముతూనే ఉన్నాడు. పట్టీ ఆయన మోకాలి పక్కనే ఉంది. చెయ్యి అటు వెళ్లలేదు. మేడం మూడోసారి అదే మాట అంది. అప్పుడు ఆయన అదమడం ఆపి పట్టీ వైపు చూశాడు.

"మొన్న నేను కట్టలే మేడం," అన్నాడు. "ఆస్పత్రి దాకా వట్టుకొనే ఉన్న. కట్టొద్దు, కడితే చెయ్యి పోతదని నేర్పిన్రు. మొదట్ల నేర్పిన్రు. మొన్న గా హోటల్ల గూడ గదే చెప్పిన్రు."

"అప్పట్లో మాకూ అదే నేర్పారయ్యా," అంది మేడం. "నేనూ అదే చెప్పాను ఎందరికో. తర్వాత మారింది. మారిందని ఎవరో ఒకరు వచ్చి చెప్పాలి కదా."

"అంతకుముందు ఇంకొకాయన ఉండె," అని ఆగిపోయాడు. ఆ వాక్యం ఇక పూర్తి కాలేదు. ఎవరూ పూర్తి చేయమనలేదు. వెనక కుర్చీలో పరిశీలకుడు పెన్ను కింద పెట్టేశాడు. పాఠానికి ఆధారం ఏది, అది ఎప్పటిది అని నేను టైపు చేసిన వాక్యం నాకు ఆ పైకప్పు మీద రాసినట్టు కనబడింది.

అన్న తనే గుడ్డ మళ్లీ మడిచి, "మళ్ల చేస్త మేడం," అన్నాడు.

ఈసారి అదిమి, ఆగలేదనగానే పట్టీ అందుకున్నాడు. గాయం అనుకున్న చోటికి పైన, మోచేతి కీలు మీద పడకుండా చుట్టి, పట్టీకున్న పుల్ల తిప్పి బిగించాడు. మణికట్టు దగ్గర నా నాడి పట్టుకుని చూశాడు. అది ఆగిపోవడం నాకూ తెలిసింది. నా చెయ్యి నాది కానట్టు ఒక క్షణం. "ఆగింది," అంది మేడం, "వదులు చెయ్." వదిలాడు. వేళ్ల చివర్లకు వెచ్చగా ప్రాణం తిరిగి వచ్చింది.

"ఒకటి మర్చిపోయావ్," అంది మేడం. "తప్పు. మళ్లీ."

మూడో ప్రయత్నంలో బిగించాక ఆయన తలెత్తి గడియారం చూశాడు. జేబులోంచి పెన్ను తీసి, నా ముంజేతి మీద రాశాడు. పెద్ద అంకెలు, చదవకుండా ఉండలేనట్టు. 6:21. రాసి, పైకి చదివి వినిపించి, పట్టీ వదులు చేశాడు. తర్వాత పరిశీలకుడి వైపు తిరిగి, "పొద్దుగాల మీరన్నది ఇప్పుడు సమజైంది సార్," అన్నాడు.

షీటులో ఆయన వెళ్లిన సమయం ఆరూ ముప్పై అయిదు. సంతకం చేసి పెన్ను నాకిస్తూ, "మంచిగ రాస్తవు నువ్వు," అన్నాడు. అంతే అన్నాడు.

ఇంటికి వెళ్లి చెయ్యి కడుక్కోలేదు. అన్నం కుడిచేత్తో తింటుంటే అమ్మ ఎడమచేతి మీద అంకెలు చూసి ఏంటని అడిగింది. చెప్పాను. ఇంత పొడుగ్గా నేను మాట్లాడటం విని నాన్న టీవీ మోత తగ్గించారు. అంతా విన్నాక, "రేపటి నుంచి నేను గూడ పోయేటప్పుడే పెడ్త సంతకం," అన్నారు. అమ్మ ఆ అంకెల మీద వేలితో ఒకసారి తడిమింది, నిజంగా ఉన్నాయా అన్నట్టు.

గుర్తింపు ఉత్తరం నెలాఖరుకు రెండు రోజుల ముందు వచ్చింది. కోర్సు నంబరు, గంటలు, కింద ఒక షరతు: వెళ్లేటప్పటి సంతకం వెళ్లేటప్పుడే తీసుకోవాలి. ఇప్పుడు ఆ మాట ప్రతి బ్యాచ్‌కూ నేనే లేచి నిలబడి చెబుతాను. పన్నెండు తలలు నా వైపు తిరుగుతాయి. అయినా చెబుతాను.

కొత్త కార్డు వచ్చాక అన్న ఒకసారి మా కేంద్రం కింద బండి ఆపించాడు. హారన్ కొడితే మెట్ల మీదికి వచ్చాను. వెనక తలుపు తీసి ఉంది. లోపల కిట్ బ్యాగ్ జిప్పుకు ఒక నల్ల మార్కర్ వేలాడుతోంది, తెల్ల కట్టుగుడ్డ పేలికతో గట్టిగా ముడివేసి.

"ఊడిపోతదా, చూడు," అన్నాడు.

బండి ఎక్కి లాగి చూశాను. ఊడలేదు.